నిండు బస్తా అడుగు

ముందు నా తెలివితక్కువతనం ఒప్పుకొని, ఆ తర్వాతే కన్నీళ్ల సంగతి రాస్తాను. లేకపోతే కుదరదు. ఈ సంచిక చదివే మన నాందేడ్ తెలుగువాళ్లలో సగంమంది ఆ దసరా నాడు ఆ హాలులో కూర్చున్నవాళ్లే. "శేట్ బాగనే ఏడ్చిండు గని, గా మాటన్నదెవరో మరిచిపోయిండా?" అని తప్పక అడుగుతారు. మరిచిపోలేదు. ఆ మాట అన్నది నేనే.

సాయినాథ్ పోయాడన్న కబురు నాకు దుకాణంలో, మీటరు కర్ర చేతిలో ఉండగా వచ్చింది. ఎదుట పెండ్లివారు కూర్చుని ఉన్నారు. మూడు మీటర్లు కొలవవలసిన గుడ్డను ఎంత కొలిచానో తెలియదు, కొలుస్తూనే ఉన్నాను. వాళ్లలోని పెద్దమ్మ "శేట్, తాను అయిపోయింది" అన్నప్పుడు ఆగాను. ఇరవై అయిదేళ్ల మనిషి. వానాకాలపు జ్వరం. మొదట మామూలు జ్వరమే అన్నారు, తర్వాత రక్తంలో కణాలు పడిపోతున్నాయన్నారు, ఏడో రోజున ఎవరూ ఏమీ అనలేదు. 'అకాలమరణం' అనే మాటను నలభై ఏళ్లుగా ఇలాంటి వ్యాసాల్లో వాడుతూ వచ్చాను. ఎనభై దాటి, మనుమలను ఎత్తుకుని, తృప్తిగా కన్నుమూసిన వాళ్లకు కూడా మర్యాదకోసం వాడాను. తీరా నిజంగా వాడవలసిన రోజు వచ్చేసరికి ఆ మాట అరిగిపోయి ఉంది.

ఇక నా బుద్ధిహీనత. ఎనిమిదేళ్ల కిందటి దసరా సమ్మేళనంలో నృత్యపోటీకి నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. నాట్యశాస్త్రంలో నాకు పాండిత్యముందని కాదు. మన తెలుగు సమాజం హాలు తాళాలు నా దగ్గర ఉంటాయి. తాళమంటే ఏమిటో తెలియనివాణ్ణి తాళపుచెవుల పుణ్యాన తాళజ్ఞుణ్ణి చేశారు. నేను బట్టల వ్యాపారిని, నాకు తెలిసిన అడుగు పన్నెండు అంగుళాలది ఒక్కటే. అయినా మెడలో దండ పడి, ముందర నీళ్ల సీసా పెట్టేసరికి మనిషికి రాని విద్యలన్నీ వచ్చేస్తాయి. ఆ పూట నేను న్యాయనిర్ణేతను కాదు, అన్యాయనిర్ణేతను.

పిల్లలందరూ సినిమా పాటలకు ఆడారు. ఆఖరున పదిహేడేళ్ల పిల్లవాడొకడు, ఈ సాయినాథే, పాట లేకుండా, వట్టి కాళ్లతో వచ్చాడు. మోండాలో హమాలీలు పెట్టుకునే తీరుగా గోనెసంచిని కొప్పెరలా మడిచి తలమీద వేసుకున్నాడు. మోండా అంటే తెలియనివారికి, పసుపూ సోయాబీనూ కందులూ వేలంవేసే మన పెద్ద బజారు. ఆ పిల్లవాడు నడుము వంచలేదు. మోకాళ్లు వంచి, చిన్న చిన్న అడుగులు వడివడిగా వేస్తూ వేదిక ఆ కొసనుంచి ఈ కొసకు నడిచాడు. మళ్లీ నడిచాడు. లారీకి ఆనించిన పలక ఎక్కుతున్నట్టు ఎక్కాడు. లేని బస్తాను లేని లారీలోకి భుజంతో విసిరాడు. ఖాళీ భుజంతో తేలిగ్గా దిగాడు. ఇంతసేపూ మెడ మాత్రం కదలలేదు. నేను ఆట ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తున్నాను. అది అయిపోయింది.

తీర్పు చెప్పే వేళ మైకు చేతికి వచ్చింది. "బాబూ, మీ నాయన మోసింది చాలదని నువ్వు స్టేజీ మీద గూడ మోస్తున్నవా?" అన్నాను. హాలు హాలంతా నవ్వింది. మాటలతో ఆడుకునే దురలవాటు నాకు చిన్నప్పటినుంచీ ఉంది. ఆ రోజు ఆడుకున్నది మాటతో కాదు, మనిషితో. పదికి మూడు మార్కులు వేసి, నీళ్లు తాగి కూర్చున్నాను.

ఆ పిల్లవాడి తండ్రి పోశెట్టి వెనుక తలుపు దగ్గర నిలబడి ఉన్నాడని నాకు తెలియదు. ముప్పై ఏళ్లుగా మోండాలో హమాలీ. కొడుకు ఆడతాడంటే ఆ పూట పని మానుకుని, ఉతికిన ధోతి కట్టుకుని వచ్చాడట. నవ్వులు ఆగేలోపే వెళ్లిపోయాడు. తర్వాత చాలా కాలానికి తెలిసింది, కొడుకు పుట్టిననాడు పోశెట్టి ఒక ఒట్టు పెట్టుకున్నాడని. "నేను మోసింది మోసిన. వీని వీపు మీద బస్తా పడనియ్య." ఆ కొడుకే నలుగురి ముందు నెత్తిన గోనె వేసుకుని నడిచాడు. దానిమీద ఒక శేటు జోకు వేశాడు. జనం నవ్వారు. ఎక్కడ తగలకూడదో సరిగ్గా అక్కడే తగిలింది నా మాట. ఆనాటినుంచి మోండాలో ఎవరైనా "పోశెట్టీ, పోరడేం జేస్తుండు?" అని అడిగితే "ఏం జేస్తలేడు" అనేవాడు. కొడుకు ఆట చూడటానికి మళ్లీ ఎన్నడూ రాలేదు. సాయినాథ్ కూడా పేరు కోరుకున్నాడు, అవకాశాలు కోరుకున్నాడు, అవి అందరూ కోరుకునేవే. కానీ నాకు తెలిసినంతలో వాడు నిజంగా ప్రాణం పెట్టుకున్నది ఒక్కదానిమీదే. ఆ ప్రశ్నకు తండ్రి నోట ఇంకో జవాబు రావాలి.

ఆ దసరా మరునాడు పొద్దున నేను దుకాణం షట్టరు ఎత్తుతుంటే సాయినాథ్ వచ్చి నిలబడ్డాడు. కొట్లాటకు వచ్చాడనుకుని షట్టరు సగంలోనే ఆపాను.

"శేట్, మూడు మార్కులిచ్చిన్రు గదా?"

"ఇచ్చిన. అయితేంది?"

"మిగిలిన ఏడు తెచ్చుకోవాలంటె ప్రాక్టీసు జెయ్యాలె. హాలు తాళపుచెవి ఇయ్యుండ్రి. పొద్దుగాల్ల ఒక్క గంట."

గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. పని అడుగుతున్నట్టు అడిగాడు. నేను ఇచ్చి ఉండవచ్చు. "అధ్యక్షుని పర్మిషన్ కావాలె" అన్నాను. అది అబద్ధం. మన అధ్యక్షులు విఠల్ రావు గారికి ఆ హాలుకు తాళముందన్న సంగతే గుర్తుండదు. వాడు నా మొహంలోకి చూశాడు, అబద్ధాన్ని గుర్తుపట్టాడు, గుర్తుపట్టినట్టు తెలియనివ్వలేదు. "మంచిది శేట్. మోండాల చబుత్ర ఉంది. దానికి తాళం లేదు" అని నవ్వి పోయాడు. సరుకు వేలంవేసే ఆ సిమెంటు అరుగు, ఆ చబుత్రే, మధ్యాహ్నం పని ఆగే గంటసేపు, ఎనిమిదేళ్లపాటు వాడి నృత్యశాల అయింది.

రైలుపట్టాల అవతల తెలుగు బస్తీలో వాళ్ల ఇల్లు. రేకుల కప్పు, ఒక్కటే గది, గుమ్మంలోనే మోరీ. తల్లి లక్ష్మీబాయి బీడీలు చేస్తుంది. వాడికి మొదటి లయ ఆమె కత్తెర చప్పుడే. ఆకు కత్తిరించే టక్కుటక్కుకు పాకే వయసులోనే మోకాలితో తాళం వేసేవాడని ఆమె చెప్పింది. నడక వచ్చాక ఇల్లంతా చిందులు. "ఎగురకురా కొడుకా, ఆకు ఎగురుతది!" అని చాటకు చెయ్యి అడ్డం పెట్టుకునేదట. మునిసిపల్ బడిలో గజ్జెల కర్రలు పట్టుకుని ఆడే లెజీం వరుసకు వాడే ముందుండేవాడు. పదో తరగతి తప్పాడు. మళ్లీ కట్టి, అందులోనూ తప్పాడు. "పుస్తకం ముంగట కూసుంటె నా కాళ్లకు నిద్ర వడుతది శేట్, అవి పండుకుంటె నేను గూడ పండుకుంట" అనేవాడు. ఆ కుటుంబంలో శాస్త్రీయ సంగీత నృత్య సంప్రదాయమేదీ లేదని నేను ఇదివరకు రాసి ఉండేవాణ్ణి. ఇప్పుడు రాయను.

పుణేలో టీవీ పోటీకి మనుషులను ఎంచుతున్నారంటే వెళ్లాడు. రెండురోజులు వరుసలో నిలబడ్డాడు. తిరిగొచ్చి స్టేషన్ నుంచి సరాసరి దుకాణానికే వచ్చాడు. చొక్కామీద వాళ్లు అంటించిన నంబరు కాగితం ఇంకా ఉంది.

"శేట్, నంబర్ అచ్చింది!"

మన మరాఠీ ఊళ్లో నంబరు రావడమంటే గెలవడమే కదా. లేచి చెయ్యి పట్టుకుని ఊపాను. "ఎన్నో నంబర్ రా?"

"గిదే, సొక్కా మీదిది" అన్నాడు. "గింతకంటె వేరే నంబర్ ఇయ్యలే." ఆ తర్వాత నవ్వాడు. ఆ నవ్వుకీ ఆ మాటకీ మధ్య ఒక రెప్పపాటు ఖాళీ ఉంది. నేను చూశాను. వాడికి ఎంత దెబ్బ తగిలిందో ఆ ఖాళీలోనే తెలిసింది. ఆ కాగితాన్ని మాత్రం పారేయలేదు, ఇంట్లో అద్దానికి అంటించుకున్నాడు.

శనివారం శనివారం ఆదిలాబాద్ బండెక్కి ఇస్లాపూర్ వెళ్లేవాడు. అక్కడి ఆశ్రమశాలలో, గిరిజనుల వసతి బడిలో, పిల్లలకు ఆట నేర్పేవాడు. ఒకసారి కిన్వట్‌లో చుట్టాలింటికి పోతూ నేనూ అదే పెట్టెలో ఎక్కాను. కూర్చోవడానికి చోటుంది. అయినా వాడు నడవలో, దేన్నీ పట్టుకోకుండా నిలబడ్డాడు. బండి ముద్‌ఖేడ్ దగ్గర పట్టాలు మారుతూ అటూ ఇటూ ఊగింది. కూర్చున్న నేను పక్కాయన ఒళ్లో పడ్డాను. నిలబడ్డ వాడు కదలలేదు. "కూసోరాదురా, పడ్తవ్" అన్నాను. "పట్టుకోకుండ నిలవడితె బండే నేర్పిస్తది శేట్. ఫీజు గూడ అడుగది" అన్నాడు. ఇస్లాపూర్‌లో వాడు దిగుతుంటే స్టేషన్ గేటు దగ్గర పది పన్నెండుమంది పిల్లలు "సర్ అచ్చిండు! సర్ అచ్చిండు!" అని గంతులేస్తున్నారు. ఆ మాట విని నేను ఉలిక్కిపడ్డాను. నాందేడ్‌లో వాణ్ణి ఎవరూ సర్ అనగా నేను వినలేదు.

నాందేడ్‌లో వాడు నేర్పలేదని కాదు. ఇప్పుడు మన ఇళ్లలో పెండ్లంటే పసుపు దంచినంత మాత్రాన చాలదు. సంగీత్ పేరుతో అత్తామామా, బావామరదలూ, నడుము నొప్పి ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ ఆడాలి. ఆడించేది ఎవరు? సాయినాథ్. పదేసి రోజులు ముందుగా పెద్దపెద్ద శేట్ల ఇళ్లకు వెనుక గుమ్మం నుంచి వెళ్లేవాడు. తలుపులు వేసుకుని నేర్చుకునేవాళ్లు. తీరా కార్యక్రమం నాడు అందరూ తమకు పుట్టుకతో వచ్చినట్టు ఆడేవాళ్లు. వాడు సౌండు పెట్టె పక్కన చీకట్లో నిలబడి చేతులతో సైగలు చేసేవాడు. వాణ్ణి నలుగురికీ పరిచయం చేసినవాడు లేడు. "ఎందుకురా గట్ల దాక్కుంటవ్?" అని అడిగాను. "నేను దాక్కుంటలేను శేట్. దాచిపెడుతున్నరు" అన్నాడు.

దాచిపెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. మా మనవరాలి పెండ్లికి మా ఆవిడ సరోజ పట్టుబట్టింది. "ఇగో, నువ్వాడకుంటె నేను గూడ ఆడ. పోరి మొహం సూడు, చిన్నబోయింది" అంది. వాణ్ణే పిలిపించాం. మొదటి మూడు రోజులు నా కాళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు. నాలుగో రోజున వాడు ఒక తాను తెప్పించి నా చేతిలో పెట్టాడు. "శేట్, ఎవ్వరు లేరనుకోండ్రి. గిరాకి ముంగట కొలిచినట్టు కొలువుండ్రి." కొలిచాను. కుడిచెయ్యి బారగా చాచడం, ఎడమచెయ్యి గుడ్డను ఛాతీకి తెచ్చుకోవడం, కొసను విదిలించి గాలిలో పరిచి, గిరాకీ కండ్లముందు వాలనివ్వడం, అన్నీ నాకు తెలిసినవే. "ఇప్పుడు తాను పక్కకు పెట్టి గదే జెయ్యుండ్రి" అన్నాడు. చేశాను. సరోజ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వడానికి కాదు. "నలభై ఏండ్లసంది ఆడుతనే ఉన్నరు శేట్, మీకే ఎర్కలేదు" అన్నాడు వాడు.

గొంతు సవరించుకున్నాను. "సాయీ, గా దసరా నాడు నేను..."

"ముందుగాల్ల ఎడమ చెయ్యి సక్కగ తియ్యుండ్రి, శేట్."

క్షమాపణ అడగనివ్వలేదు. ఆఖరు రోజున "పదికి ఎన్నిస్తవ్?" అని అడిగాను. గంభీరంగా ఆలోచించి "మూడు" అన్నాడు. "మీకు ప్రాక్టీసు తక్కువ."

మొన్నటి ఎండాకాలంలో, ఏడాదికి సరిపడా పసుపు కొందామని మోండాకు వెళ్లాను. మధ్యాహ్నం. వేలం ఆగింది. హమాలీలు షెడ్డు నీడలో సద్దులు విప్పుకున్నారు. పోశెట్టి ఎప్పటిలాగే చబుత్రకు వీపు పెట్టి కూర్చుని జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తింటున్నాడు. ఎనిమిదేళ్లుగా ఆయన అలాగే కూర్చుంటాడని అందరికీ తెలుసు. వెనుక చబుత్రమీద సాయినాథ్ ఆ హమాలీ నడకే సాధన చేస్తున్నాడు. వాడు దాన్ని వదల్లేదు. ఒక్కడే, వట్టి కాళ్లతో, గోనె కొప్పెర కూడా లేకుండా.

"తప్పు" అన్నాడు పోశెట్టి. తిరగలేదు.

సాయి ఆగాడు. "ఏంది నాయనా?"

"గది ఖాళీ మనిషి అడుగు. నిండు బస్తా ఉన్నోని అడుగు గట్ల మోగది."

"మరెట్ల మోగుతది?"

"మడిమె ముందుగాల్ల పడొద్దు. పాదం మొత్తం ఒక్కపారే పడాలె. సప్పుడు లోపటికి పోవాలె, మీదికి రావొద్దు." ఇంకో రొట్టెముక్క తుంచుకున్నాడు.

"నువ్వెన్నడు సూడలే గద. నీకెట్ల ఎర్క?"

"సూడకపోతేంది? ఎనిమిదేండ్లసంది ఇంటున్న."

షెడ్డులో నమలడం ఆగిపోయింది. సాయి చబుత్ర అంచుకు వచ్చి, తండ్రి వీపుకేసి చూస్తూ మెల్లగా అన్నాడు: "నాయనా, ఒక్క బస్తా నా మీద వెయ్యి. మోస్తెనే గద తెలుస్తది."

పోశెట్టి చెంబుతో చెయ్యి కడుక్కున్నాడు. లేచాడు. అప్పుడు తిరిగాడు. "నీ మీద వెయ్య" అన్నాడు. "నేను నడుస్త. సూడు."

తోటివాళ్లిద్దరు పసుపు బస్తా ఎత్తి ఆయన వీపుమీద వేశారు. యాభై దాటిన మనిషి, తిన్న రొట్టె ఇంకా గొంతులోనే ఉంది. చబుత్రమీద నడిచాడు. వెనకాలే కొడుకు, ఖాళీ వీపుతో, తండ్రి పాదం పడ్డచోటే పాదం వేస్తూ నడిచాడు. మొదటి చుట్టులో రెండు చప్పుళ్లు విడివిడిగా వినిపించాయి. రెండో చుట్టులో ఒకటి ఇంకొకదాన్ని తరుముతూ వచ్చింది. మూడో చుట్టులో మనుషులిద్దరు, చప్పుడు ఒక్కటే. నేను నృత్యం ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూడలేదు. నా కండ్లలో పసుపు దుమ్ము పడింది. మోండాలో అది మామూలే.

సరుకు తెచ్చిన ముద్‌ఖేడ్ వైపు రైతు ఒకాయన ఇదంతా వింతగా చూసి, "పోశెట్టీ, గా పోరడెవరు? ఏం జేస్తుండు?" అని అడిగాడు. పోశెట్టి బస్తా దించి, తువ్వాలతో మెడ తుడుచుకుని, "నా కొడుకు" అన్నాడు. కొంచెం ఆగి, "నేర్సుకుంటుండు" అన్నాడు.

సాయంత్రం వాడు దుకాణం మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. "శేట్, 'ఏం జేస్తలేడు' కాడికెల్లి 'నేర్సుకుంటుండు' దాక అచ్చిండు మా నాయన! ఇంకొక్క మాటనే మిగిలింది. గది గూడ అంటడు, సూడుండ్రి." తొందరేముంది, వయసు ఎక్కడికి పోతుంది అన్నాను. నా తెలివితక్కువ మాటల్లో అది రెండోది.

వానలు వచ్చాయి. జ్వరం వచ్చింది. మిగిలింది పైన రాశాను.

మన ఊళ్లో ఎవరైనా పోతే చౌరస్తాలో శ్రద్ధాంజలి ఫ్లెక్సు కడతారు కదా. పైన ఫోటో, కింద పేరు, పేరు కింద ఆ మనిషి ఏం చేసేవాడో ఒక మాట, దాని కింద దుఃఖితుల పేర్లు. తన పేరు ఏ వరుసలో ఉందో చూసుకుని మరీ దుఃఖించేవాళ్లు మనలో ఉన్నారు. అయిదో రోజున ఆ పనిమీద విఠల్ రావు గారు, నేను ఆ ఇంటికి వెళ్లాం. లక్ష్మీబాయి ముందు చాట ఉంది, ఆకు ఉంది, కత్తెర ఉంది. చేతులు ఒళ్లో ఉన్నాయి.

"పేరు కింద 'సమాజ యువ కార్యకర్త' అని రాద్దాం. గౌరవంగుంటది" అన్నారు విఠల్ రావు గారు.

గోడకు ఆనుకుని కూర్చున్న పోశెట్టి ఇటు తిరిగాడు. "గదేంది శేట్?" అన్నాడు.

"అంటె... సమాజం పని జేసేటోడు అని."

"వాడు సమాజం పనేం జేసిండు? డాన్స్ జేసిండు. డాన్సర్ అని రాయుండ్రి. తెలుగుల గూడ, మరాఠీల గూడ."

లక్ష్మీబాయి తలెత్తి భర్తను చూసింది. "గా మాట వాడు ఇనేటట్టు అంటె నీదేం పోయేది?" అంది. గట్టిగా కాదు. ఆ మాటకు జవాబు చెప్పవలసినవాణ్ణి నేను. నేనాడు నోరు పారేసుకోకపోతే ఆయన ఆ మాట ఎనిమిదేళ్ల ముందే అని ఉండేవాడు.

బయట సందులో విఠల్ రావు గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ఏడుపుల అన్నడు గని, బాగుండదు గంగాధర్. నాలుగు సమాజాలోళ్లు సూస్తరు. బ్యాండ్ ముంగట ఎగిరేటోడనుకుంటరు. కార్యకర్త అనే ఉండనియ్యి" అన్నారు. తల ఊపాను. తల ఊపడానికి ప్రాక్టీసు అక్కర్లేదు.

సాయినాథ్ లాంటి కళాకారులు మన సమాజంలో మళ్లీ పుడతారా? ఇలాంటి వ్యాసాల్లో పుట్టరని రాయడం ఆచారం. నేను అలా రాయను. పుడతారు, మన బస్తీల్లోనే పుడతారు, మనకే కనబడరు. వాడొక్కడే పోలేదు, వాడి శరీరంతో పాటు ఒక నడక పోయింది. కూలివాని పాదంలో ఉన్న గాంభీర్యాన్ని, గుడ్డ కొలిచే చేతిలో ఉన్న విలాసాన్ని చూసి, "ఇదిగో, ఇది మీదే" అని మనకు తిరిగి ఇచ్చే చూపు పోయింది. ఇస్లాపూర్ పిల్లలు శనివారంనాడు ఇంకా గేటు దగ్గరికి వస్తున్నారట. వాళ్లకు ఏం చెప్పాలో అక్కడి మాస్తర్లకు తెలియడం లేదు, నాకూ తెలియడం లేదు. విద్యలేని పరీక్షకుణ్ణి క్షమించి, వాణ్ణే శిష్యుడిగా చేర్చుకున్న ఆ చిన్నవయసు గురువుకు ఈ ముసలి విద్యార్థి సాష్టాంగ ప్రణామం. మోకాళ్లు సహకరించవు గనుక రాతలోనే.

ఫ్లెక్సు పని నాకే అప్పగించారు. అక్కడ విఠల్ రావు గారు చిన్న పొరపాటు చేశారు. నేను ప్రింటరు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, పేరు కింద 'డాన్సర్' అని పేరంత పెద్ద అక్షరాలతో, రెండు భాషల్లో వేయించాను. దాని కింద 'దుఃఖితులు' అని ఉండవలసిన చోట 'శోకాకుల శిష్యగణం' అని వేయించాను. ఇక పేర్లు. ఏయే ఇళ్లలో సంగీత్ జరిగిందో, ఎవరెవరు ఒకే రంగు కుర్తాలు కుట్టించుకుని ఆడారో బట్టలమ్మేవాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మొదటి పేరు నాది. రెండోది విఠల్ రావు గారిది. ఆ తర్వాత మన సమాజంలోని మహామహులందరూ, వరుసగా, సతీసమేతంగా.

పొద్దున ఎనిమిదికల్లా ఫోను మోగింది.

"గంగాధర్! చౌరస్తాల నా పేరేంది? నేనెప్పుడు శిష్యున్నయిన?"

"మీ చిన్నోని పెండ్లికి. పదకొండు రోజులు నేర్సుకున్నరు. మెరూన్ కుర్తా నేనే ఇచ్చిన."

అటువైపు తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"గదంత సరే గని," అన్నారు గొంతు తగ్గించి, "నీ పేరు మీద, నా పేరు కింద ఏంది? నీకంటె నేనే మంచిగ ఆడుతుంటి. సాయి సర్ నాతోనే అన్నడు."

"గా మాట ఆదివారం సంతాపసభల మీరే చెప్పుండ్రి" అన్నాను. "చెప్పకుంటె నేను చెప్త. మెరూన్ కుర్తా తోని సహా."

ఆదివారం, అదే హాలులో, విఠల్ రావు గారు లేచారు. రాసి తెచ్చుకున్న నాలుగు పేజీల ఉపన్యాసాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. "సాయి సర్ నాకు డాన్స్ నేర్పిండు" అన్నారు. "గంగాధర్ కంటె నేనే మంచిగ ఆడుతనన్నడు." ఆ రెండు ముక్కలు చెప్పి కూర్చున్నారు. వెనుక తలుపు దగ్గర నిలబడ్డ పోశెట్టి విన్నాడు.